పాత అమెరికా పల్లె సామాను సేకరించడం: ఏం చూడాలి, ఎక్కడ కొనాలి, ఎలా కాపాడుకోవాలి

యాంటిక్ కొనేటప్పుడు వస్తువు ముఖం తర్వాత చూడొచ్చు, ముందు దాన్ని తిరగేయండి. పైభాగాన్ని అమ్మకానికి తుడిచి ముస్తాబు చేసి పెడతారు. అడుగుభాగం, లోపలి మూలలు, సొరుగు వెనక పలక మాత్రం ఎవరూ ముట్టుకోరు. అది నిజంగా పాతదా, ఎవరైనా నిజంగా వాడారా అన్నది తేలేది అక్కడే. ఈ అలవాటు ఒక్కటి పడితే మిగతావి నెమ్మదిగా వస్తాయి.

ఇక్కడ చెప్పుకోబోయేది పెద్దింటి వెండి గిన్నెల గురించి కాదు. దాదాపు 1750 నుంచి 1880 దాకా పెన్సిల్వేనియా, న్యూయార్క్, న్యూ ఇంగ్లండ్ పల్లెల్లో రోజూ వాడిన సామాను గురించి: వెన్న చిలికే పీపాలు, పిండి కలిపే చెక్క తొట్లు, ఊరగాయ జాడీలు, కొవ్వొత్తులు పోసే రేకు అచ్చులు, బుట్టలు, బొంతలు. కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, నేతగాడు చేత్తో చేసినవి. వీటిని అమ్మేవాళ్లు ‘కంట్రీ’ అనో ‘ప్రిమిటివ్స్’ అనో అంటారు. 1980, 90 దశకాల్లో వీటి మీద వెర్రి మోజు ఉండేది. ఇప్పుడు కొత్త తరం తెల్ల గోడలు, తేలిక ఫర్నిచర్ వైపు పోయింది కాబట్టి మధ్యరకం సామాను ధరలు బాగా దిగాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇంతకన్నా మంచి సమయం ఉండదు. పైగా న్యూజెర్సీలో, ఫిలడెల్ఫియా చుట్టుపక్కల, బోస్టన్ వైపు ఉంటున్న తెలుగువాళ్లకి ఇవన్నీ పుట్టిన ఊళ్లు కారులో పోయొచ్చేంత దూరమే.

1. ఒక్క రకం పట్టుకోండి

అన్నీ కొంటే ఏదీ అర్థం కాదు, గరాజ్ మాత్రం నిండుతుంది. మొదటి ఏడాది ఒకే రకం మీద దృష్టి పెట్టండి. ఏది అని నన్నడిగితే నా ఓటు ఉప్పు మెరుగు పెట్టిన స్టోన్‌వేర్ (బాగా ఎక్కువ వేడిలో కాల్చిన గట్టి మట్టి) జాడీలకి. గట్టివి, పురుగు పట్టవు, నకిలీని పట్టుకోవడం కొంచెం తేలిక, దేనికి వాడేవారో మనకి ఒకరు చెప్పనక్కర్లేదు.

బట్టీ బాగా కాలి 1,200 డిగ్రీల సెల్సియస్ దాటాక కుమ్మరి పైనుంచి ఉప్పు చల్లేవాడు. ఆ ఉప్పు ఆవిరై మట్టిలోని సిలికాతో కలిసి గాజు పొరలా పట్టుకునేది. అందుకే పైన చెయ్యి పెడితే నున్నగా ఉంటూనే సన్న సన్న గుంటలు తగులుతాయి. నీలం రంగు బొమ్మలు కోబాల్ట్‌తో వేసినవి. లోపల ముదురు గోధుమ రంగు పూత చాలావాటిలో కనిపిస్తుంది; న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీ దగ్గర దొరికే మట్టితో వేసేవారు కాబట్టి దానికి ఆల్బనీ స్లిప్ అని పేరు. జాడీ మీద 2 అనో 4 అనో అంకె ఉంటే అది ఎన్ని గ్యాలన్లు పడుతుందో చెప్పేది, తయారైన సంవత్సరానికి దానికి సంబంధం లేదు. ఎడిసన్‌లో ఉండే మనవాళ్లకి ఇంకో ముచ్చట: ఈశాన్య రాష్ట్రాల్లో ఎన్నో బట్టీలకి మంచి మట్టి వెళ్లింది పక్కనే ఉన్న సౌత్ ఆంబోయ్ నుంచే. పడవల్లో హడ్సన్ నది మీదుగా పైకి పంపేవారు.

బొమ్మలేని సాదా జాడీ వంద డాలర్ల లోపే దొరకడం మామూలు. పువ్వు ఉంటే కొంచెం ఎక్కువ, పక్షి ఉంటే వందల్లోకి, ఇల్లో సింహమో మనుషులో ఉంటే వేలల్లోకి పోతుంది. దక్షిణ కరోలైనాలోని ఎడ్జ్‌ఫీల్డ్ ప్రాంతంలో డేవిడ్ డ్రేక్ అనే బానిస కుమ్మరి ఉండేవాడు. బానిసలకి చదువు చెప్పడం నేరమైన రాష్ట్రంలో, తాను చేసిన జాడీల మీద తన పేరు, తేదీ, ఒక్కోసారి రెండు పాదాల పద్యం కూడా చెక్కాడు. అతని జాడీ ఒకటి 2021లో వేలంలో పదిహేను లక్షల డాలర్లు దాటింది. పేరు చెక్కే అవకాశం లేని చేతులు ఇంకెన్నో ఆ బట్టీల్లో పనిచేశాయి.

జాడీలు నచ్చకపోతే ఇనప వంట సామాను పట్టుకోండి. పాత పోత పెనాల అడుగున అడ్డంగా ఒక గీత ఉబ్బెత్తుగా ఉంటుంది, కరిగిన ఇనుము అచ్చులోకి పోసిన చోటు అది. దాన్ని గేట్ మార్క్ అంటారు. అది ఉంటే చాలావరకు 1890కి ముందుదే. పెన్సిల్వేనియాలోని ఈరీ నగరంలో తయారైన గ్రిస్‌వోల్డ్ పెనాలు దీని తర్వాతి ఫ్యాక్టరీ సరుకు, చేతిపని కిందికి రావు. కానీ దోసెకి వాటిని మించింది లేదని ఒకసారి వాడినవాళ్లు ఒప్పుకుంటారు.

2. కొనకముందు మ్యూజియంలు తిరగండి

నిజమైనది వందసార్లు చూసిన కంటికి దొంగది తనంతట తనే ఎబ్బెట్టుగా తోస్తుంది. పెన్సిల్వేనియాలోని డాయిల్స్‌టౌన్‌లో మెర్సర్ మ్యూజియం మొదట చూడాల్సింది. యంత్రాలొచ్చి చేతి పనిముట్లన్నీ చెత్తలోకి పోతున్నాయని హెన్రీ మెర్సర్ 1897లో వాటిని పోగుచేయడం మొదలుపెట్టాడు, 1916కల్లా వాటికోసం కాంక్రీటు కోటలాంటి భవనమే కట్టించాడు. బండ్లు, పడవ, కుర్చీలు, బుట్టలు పైకప్పు నుంచి వేలాడుతుంటాయి. దాని వల్ల పెద్ద లాభం ఏమిటంటే, కింద నిలబడి తల ఎత్తితే వస్తువుల అడుగుభాగాలే కనిపిస్తాయి.

లాంకాస్టర్ దగ్గర లాండిస్ వ్యాలీ పల్లె మ్యూజియంలో జర్మన్ వలసదారుల సామాను, మసాచుసెట్స్‌లో ఓల్డ్ స్టర్‌బ్రిడ్జ్ విలేజ్‌లో 1830ల నాటి ఇళ్లు, హాంకాక్‌లో షేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ల గ్రామం, డెలావేర్‌లో వింటర్‌తుర్ మ్యూజియం. ఎక్కడికెళ్లినా లేబుల్ చదవడం కన్నా అరుగుదల ఎక్కడుందో చూడండి.

3. చేతిలోకి తీసుకుని పరీక్షించండి

జేబులో నాలుగు చాలు: చిన్న టార్చి, టేపు, భూతద్దం, అల్ట్రావయొలెట్ లైటు.

నీలం రంగు వేసిన ఒక పైన్ చెక్క పెట్టె మీ ముందుందనుకోండి. ఆరు పలకలు, మేకులు, అంతే. అమ్మేవాడు 1820 నాటిది అన్నాడు. మూత ఎత్తి ముందు వాసన చూడండి. వార్నిష్ వాసనో, కొత్త రంగు వాసనో కొడితే అక్కడే అనుమానించాలి. తర్వాత మేకులు. కమ్మరి చేత్తో కొట్టిన మేకు తలకి నాలుగైదు దెబ్బల పలకలు కనిపిస్తాయి. ఇవి ఎక్కువగా 1800 లోపువి. రేకు నుంచి కత్తిరించిన ‘కట్’ మేకులు 1790ల నుంచి వచ్చి దాదాపు వందేళ్లు రాజ్యమేలాయి. గుండ్రటి తీగ మేకులు మామూలైంది 1890 ప్రాంతం నుంచి. అంటే 1820 పెట్టెలో తీగ మేకు ఉంటే, ఎవరో తర్వాత బాగు చేశారన్నా అనుకోవాలి, లేదా అమ్మేవాడి మాట అబద్ధమన్నా అనుకోవాలి. మేకు ఒక్కటే చూసి నమ్మేయకండి, పాత ఇళ్లు కూల్చినప్పుడు దొరికే మేకులు దొంగ సరుకు చేసేవాళ్లు కూడా కొంటారు. మేకు చుట్టూ చెక్క నల్లబడిందా చూడండి. ఇనుము ఏళ్ల తరబడి తేమ పీల్చి చెక్కలోకి దిగితే వచ్చే నలుపు అది, అలాంటిది రాత్రికి రాత్రి రాదు.

ఇప్పుడు పెట్టె అడుగున టార్చి పక్కనుంచి కొట్టండి. రంపం గీతలు నిలువుగా, తిన్నగా ఉంటే మంచిది. వంపు తిరిగిన గీతలుంటే గుండ్రటి రంపంతో కోసిన చెక్క, అది విరివిగా వాడుకలోకి వచ్చింది 1830ల తర్వాతే. బందుల స్క్రూ ఒకటి ఊడతీయనిస్తే దాని మొన చూడండి: 1840ల చివరి దాకా స్క్రూలకి మొన మొద్దుగానే ఉండేది.

ఇక నీలం రంగు. చెక్కలో పగులు ఉంటే భూతద్దం పెట్టి ఆ పగులు లోపలికి చూడండి. లోపల ముడి చెక్క రంగే ఉంటే రంగు ముందు వేసింది, పగులు తర్వాత వచ్చింది. పగులు లోపలికి కూడా నీలం పారి ఉంటే, చెక్క పగిలిన తర్వాత రంగు వేశారన్నమాట. ఎంత పాతది అని ప్రమాణం చేసి చెప్పినా, ఆ రంగుకి డబ్బు కట్టకండి. పెట్టె పాతదే కావచ్చు, కానీ ఈ వ్యాపారంలో సగం ధర పాత రంగుకే.

గుండ్రటి చెక్క వస్తువులకి టేపు పరీక్ష. చెక్క ఎండేకొద్దీ నార పొడవునా దాదాపు తగ్గదు, అడ్డంగా మాత్రం కుంచించుకుపోతుంది. కాబట్టి నూటయాభై ఏళ్ల చెక్క గిన్నె కచ్చితమైన వృత్తంగా ఉండకూడదు. రెండు వైపులా కొలిస్తే పావు అంగుళమో ఇంకా ఎక్కువో తేడా రావాలి. నాకు ఎక్కువ నమ్మకం ఉన్న పరీక్ష ఇదే, దీన్ని మోసం చేయడం కష్టం.

అరుగుదలలో తర్కం ఉండాలి. కుర్చీకి ముందువైపు అడ్డకర్ర మధ్యలో, మడమలు ఆనే చోట అరగాలి. వెనక కర్ర కూడా అంతే అరిగి ఉంటే ఎవరో ఆకురాయి పట్టారు. పిండి కలిపే గిన్నె లోపల అరగాలి. బుట్ట పిడికి చేతి నునుపు రావాలి, అడుగున నేలకి రాసుకున్న గుర్తులుండాలి. దిగుమతి బుట్టలకి టీ డికాక్షన్ లాంటి రంగు పూసి పాతవిగా అమ్మడం మామూలే. వాటికి లోపల, బయట, అల్లిక సందుల్లో అంతా ఒకటే రంగు. నిజంగా పాతబడిన బుట్టకి వెలుతురు తగిలిన చోటికి, తగలని చోటికి తేడా కనిపిస్తుంది.

పురుగు రంధ్రాల్లో సన్న తీగ దూర్చి చూడండి. పురుగు తిన్నగా పోదు, వంకరగా తిరుగుతుంది. తీగ సూటిగా దిగిపోతే అది డ్రిల్లు పని. రంధ్రం కింద లేత రంగు పిండి రాలుతుంటే పురుగు ఇంకా బతికే ఉందని; అలాంటిది ఇంటికి తెస్తే మిగతా ఫర్నిచర్‌కి కూడా టెన్షన్.

జాడీని మనూళ్లో కుండ కొనేటప్పుడు కొట్టినట్టే వేలి కణుపుతో కొట్టి వినండి. ఖంగున మోగితే మంచిది, డొప్ప శబ్దం వస్తే ఎక్కడో జుట్టంత పగులుంది. చెవి పిడి విరిగి అతికించారా అన్నది అల్ట్రావయొలెట్ కాంతిలో చూడండి, కొత్త జిగురు, కొత్త రంగు తరచు వేరుగా మెరుస్తాయి. అదే లైటు బొంతలకీ పనికొస్తుంది: రెండో ప్రపంచయుద్ధం తర్వాతి దారాల్లో, బట్టల్లో తెల్లదనం కోసం కలిపే రసాయనాలు నీలంగా వెలుగుతాయి. అయితే పాత బొంతని ఈనాటి డిటర్జెంట్‌తో ఉతికినా వెలుగుతుంది, కాబట్టి అదొక్కటే చూసి తీర్పు చెప్పకండి.

నేత కవర్‌లెట్లయితే, అంటే మంచం మీద పరిచే నేత దుప్పట్లయితే, మూల చూడండి. 1820ల తర్వాత, మగ్గానికి బిగించి బొమ్మలు నేసే జాకార్డ్ యంత్రం వచ్చాక నేతగాళ్లు ఆ మూలలో తమ పేరు, ఊరు, సంవత్సరం, ఒక్కోసారి కొన్నవాళ్ల పేరు కూడా నేసేవారు. మగ్గం సన్నగా ఉండేది కాబట్టి రెండు పట్టీలు నేసి మధ్యలో కుట్టేవారు. ఆ కుట్టు లోపం కాదు, మంచి గుర్తు.

ఇంకొక రకం ఉంది, నాకు అదంటే ప్రాణం. విరిగిన గాజు దీపానికి చెక్క పీఠం, ముక్కు ఊడిన టీ కూజాకి రేకు ముక్కు, పగిలిన జాడీ చుట్టూ తీగ అల్లిక. వీటిని ‘మేక్-డూ’లంటారు. ఆ రోజుల్లోనే, ఇంకో కూజా కొనే స్థోమత లేకో, ఉన్నది పారేయడానికి మనసొప్పకో బాగు చేయించుకున్నవి. ఒకప్పుడు డీలర్లు వీటిని పక్కన పడేసేవారు, ఇప్పుడు వీటికోసమే వెతికేవాళ్లున్నారు.

4. ఎక్కడ కొనాలి

మసాచుసెట్స్‌లోని బ్రిమ్‌ఫీల్డ్ పేరు ముందు చెప్పాలి. 1959లో మొదలైన ఈ సంత మే, జులై, సెప్టెంబర్ నెలల్లో రూట్ 20 పొడవునా పొలాల్లో జరుగుతుంది. ఒక్కో పొలం ఒక్కో రోజు, ఒక్కో వేళకి తెరుస్తారు. తలుపు తీయగానే పరిగెత్తేవాళ్లు డీలర్లు, మీరు అక్కర్లేదు. పెన్సిల్వేనియాలో ఆడమ్స్‌టౌన్ ఆదివారం సంతకి ప్రసిద్ధి. టెక్సస్‌లో ఉన్నవాళ్లకి హ్యూస్టన్, ఆస్టిన్‌ల మధ్యన రౌండ్ టాప్ ఉంది, వసంతంలో ఒకసారి, శరత్తులో ఒకసారి.

లాంకాస్టర్ కౌంటీలో మంచు కరిగే కాలంలో ఊరి అగ్నిమాపక దళాల కోసం ‘మడ్ సేల్’ అని వేలాలు పెడతారు. పేరుకి తగ్గట్టే బురద, బూట్లు వేసుకెళ్లండి. అక్కడ బొంతలు ఎక్కువగా కొత్తవే, ఆమిష్ (పాతకాలపు పద్ధతుల్లో బతికే క్రైస్తవ శాఖ) ఆడవాళ్లు కుట్టినవి. యాంటిక్ అని పొరబడకుండా కొంటే అవీ బంగారమే.

ఎస్టేట్ సేల్స్ ఇంకో దారి. ఒక ఇల్లు ఖాళీ చేస్తూ ఉన్నదంతా అమ్మేస్తారు. రెండో రోజో చివరి రోజో ధర సగానికి దింపడం చాలాచోట్ల ఆనవాయితీ. వంటింట్లో జనం మూగుతారు, మీరు ముందు నేలమాళిగలోకి, షెడ్డులోకి పొండి. పాత జాడీలు గొడుగులు పెట్టుకోవడానికి వాడబడుతూ అక్కడే ఉంటాయి.

5. బేరం, వేలం

సుల్తాన్ బజార్ లెక్కన సగానికి అడిగితే ఇక్కడ డీలర్ మొహం తిప్పుకుంటాడు. ‘దీని మీద ఏమైనా తగ్గించగలరా?’ అని మర్యాదగా అడగండి. పది, పదిహేను శాతం తగ్గడం మామూలు, నగదు చూపిస్తే ఇంకొంచెం. వస్తువుని తిట్టి ధర తగ్గించే పద్ధతి అసలు పనికిరాదు. దానికన్నా ఆ వస్తువు గురించి ప్రశ్న అడగండి. మంచి డీలర్ గంటసేపు ఉచితంగా పాఠం చెప్తాడు.

వేలానికి ముందు వస్తువులు చూడనిచ్చే ప్రివ్యూకి తప్పకుండా వెళ్లి వస్తువు చేత్తో పట్టుకుని చూడండి. వేలంలో అమ్మేది ‘ఉన్నది ఉన్నట్టుగా’, తర్వాత పగులు కనిపించిందంటే వినేవాళ్లుండరు. సుత్తి దగ్గర పలికిన ధర మీరు కట్టే ధర కాదు. 200 డాలర్లకి పాడారనుకోండి, 25 శాతం బయ్యర్స్ ప్రీమియం (కొన్నవాళ్ల దగ్గర వేలం సంస్థ అదనంగా తీసుకునే రుసుము) కలిపితే 250, పెన్సిల్వేనియా పన్ను 6 శాతం వేస్తే 265. ఆన్‌లైన్‌లో పాడితే ప్రీమియం ఇంకాస్త ఎక్కువ, ఆపైన జాడీ ప్యాకింగ్, షిప్పింగ్ చూస్తే గుండె ఆగుతుంది. కాబట్టి మీ గరిష్ఠ ధర ప్రీమియంతో సహా లెక్కేసి, కాగితం మీద రాసుకుని వెళ్లండి.

ఎంత ఇవ్వొచ్చో తెలియాలంటే అడిగే ధరలు చూడకండి, అమ్ముడైన ధరలు చూడండి. ఈబే‌లోనూ, వేలం సైట్లలోనూ పాత అమ్మకాల వివరాలు దొరుకుతాయి.

6. ఇంట్లో పిల్లలుంటే

సీసం సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. రెడ్‌వేర్ అనే ఎర్రమట్టి పళ్లాలు, కుండల మీది మెరుగు సీసంతో వేసినది. నిమ్మకాయ, చింతపండు, పెరుగు లాంటి పులుపు తగిలితే సీసం వంటకంలోకి దిగుతుంది. చూడ్డానికి మాత్రమే పెట్టుకోండి. పాత ప్యూటర్ (తగరం ఎక్కువగా ఉండే మిశ్రమ లోహం) గిన్నెలదీ అదే కథ. ఇళ్లకి వాడే రంగుల్లో సీసాన్ని అమెరికా 1978లో నిషేధించింది, కాబట్టి రంగున్న పాత పెట్టెల్ని గరుకు కాగితంతో రుద్దకండి, పాకే పిల్లలకి అందేచోట ఉంచకండి. కొన్ని ఇనప పెనాల్లో ఒకప్పుడు చేపల గాలాల బరువులకో తూటాలకో సీసం కరిగించేవారు. దోసె పోసేముందు లెడ్ టెస్ట్ కిట్‌తో ఒకసారి చూసుకోవడం మేలు.

తిమింగలం పంటి మీద చెక్కిన స్క్రిమ్‌షా, డేగ ఈకలున్న వస్తువులు చట్టపరంగా చిక్కులు. మొదట్లో వాటి జోలికి పోకండి.

7. తోమకండి

మనకి ఇదే కష్టం. ఇత్తడి కనిపిస్తే చింతపండు, ముగ్గు పెట్టి తళతళలాడేదాకా తోమే ఇళ్లల్లో పెరిగినవాళ్లం. ఇక్కడ ఆ చెయ్యి కట్టేసుకోవాలి. రెండు వందల ఏళ్ల పొగ, చేతి జిడ్డు, ఎండ కలిసి పట్టిన పొరకే విలువ. పాత రంగు గీకి, చెక్కకి పాలిష్ కొట్టిస్తే వేల డాలర్ల పెట్టె వందల్లోకి జారిపోతుంది, తిరిగి తెచ్చే దారి లేదు.

చెక్కని మెత్తటి పొడి గుడ్డతో తుడవండి. నీళ్లలో నానబెట్టొద్దు, వంటనూనె రాయొద్దు, అది ముక్కిపోయి జిగురు కడుతుంది. కావాలంటే ఏడాదికోసారి పలచగా మైనం. జాడీలు గోరువెచ్చని నీళ్లతో కడగొచ్చు, డిష్‌వాషర్‌లో మాత్రం వద్దు. పాత జిడ్డు గట్టిపడి పేరుకున్న ఇనప పెనాన్ని మంటలో వేసి కాల్చకండి, వంకరపోతుంది. లై (కాస్టిక్ సోడా) ద్రావణంలో నానబెట్టి, కడిగి, మళ్లీ నూనె పట్టించి సీజనింగ్ చేయాలి. లై చర్మాన్ని కాల్చేస్తుంది, గ్లవ్స్ తప్పనిసరి.

బొంతల్ని ఎండ తగిలే గోడకి వేలాడదీయకండి. యాసిడ్ లేని కాగితం మధ్యలో పెట్టి, మడత చోటు అప్పుడప్పుడు మార్చండి. పురుగు అనుమానం ఉంటే ప్లాస్టిక్ కవర్లో గాలి చొరకుండా కట్టి రెండు వారాలు డీప్ ఫ్రీజర్‌లో ఉంచండి. చలికాలంలో హీటర్ వల్ల గాలి ఎండిపోయి చెక్క పగులుతుంది. గదిలో తేమ 45, 50 శాతం ప్రాంతంలో ఉండేలా హ్యుమిడిఫయర్ పెట్టుకోండి, పెట్టెని హీటర్ గొట్టం పక్కన మాత్రం పెట్టొద్దు.

8. లెక్క రాసుకోండి

ఒక నోటుబుక్కు చాలు. ఎక్కడ కొన్నారు, ఎప్పుడు, ఎంతకి, అమ్మినవాళ్లు దాని గురించి ఏం చెప్పారు, పగుళ్లు ఎక్కడున్నాయి. అడుగుభాగం ఫొటో తప్పనిసరి. వస్తువు కింద పాత స్టిక్కరో, చేతిరాత కాగితమో అంటుకుని ఉంటే పీకకండి, ఎవరింటి నుంచి వచ్చిందో చెప్పే ఆధారం అది. ఖరీదైనవి చేరితే ఇంటి బీమా కంపెనీని అడిగి విడిగా రాయించుకోండి, మామూలు పాలసీలో ఇలాంటివాటికి పరిమితి ఉంటుంది.

ఈ సరదా పట్టాక ఊరెళ్లినప్పుడు అటక మీది ముత్తవ్వగారి మరచెంబు, గంగాళం కూడా తెచ్చుకోవాలనిపించడం సహజం. ఇండియాలో 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన వస్తువుల్ని వ్యక్తులు దేశం దాటించకూడదు. అంత పాతది కాదనుకుంటే పురావస్తు శాఖ నుంచి ఆ మేరకు సర్టిఫికెట్ తీసుకున్నాకే సూట్‌కేసులో పెట్టండి.